మిక్సింగ్ సిస్టమ్‌కు ప్రాసెసర్: కె చిప్ వేశాం, ఓవర్‌క్లాక్ చేయలేదు

కస్టమర్ హనుమకొండలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియో యజమాని. ఇంటెల్ ఐ5-13600కె (చివరి కె అంటే వేగం పెంచుకోడానికి లాక్ తీసిన చిప్), జెడ్790 బోర్డు, 240 ఎంఎం లిక్విడ్ కూలర్ బిగించి, ఓవర్‌క్లాక్ చేసి, అంటే చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి ఎక్కించి ఇవ్వమన్నాడు. బడ్జెట్ 75 వేలు. మానిటర్, గ్రాఫిక్స్ కార్డు, పాత హార్డ్‌డిస్కులు తనవే వాడుకుంటాడు. ఇది 2024 జులై సంగతి. మే, జూన్ మూఢాల్లో పోయాయి, ఆ తర్వాత ఆషాఢం. ముహూర్తాలు లేని టైమ్‌లోనే సిస్టమ్ మార్చేయాలని ఆయన తొందర. ఆగస్టు 5న శ్రావణం వచ్చేసరికి మిక్సింగ్ (వీడియో ఎడిటింగ్) ఆగకుండా నడవాలి.

"అన్నా, పైసలు ఎక్కువైనా మంచిదే. శ్రావణంల మళ్లీ ఇట్ల స్టక్ అయితే పార్టీలకు మొకం చూపెట్టలేను" అన్నాడు. ఈ మాటలో ప్రాసెసర్ పేరు లేదు, స్టక్ అవుతోందన్న ఫిర్యాదు ఉంది. నేను లెక్క అక్కడి నుంచి మొదలుపెడతాను. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కూర్చున్న మాలాంటివాళ్ల దగ్గరికి చాలామంది యూట్యూబ్‌లో చూసిన పార్టుల లిస్టుతో వస్తారు. ఆ లిస్టు ప్రకారం బిల్లు కొట్టేయడం చాలా తేలిక. కానీ ఏది స్టక్ అవుతోందో చూడకుండా ఇచ్చిన సిస్టమ్ మూడు నెలల్లో మళ్లీ మన టేబుల్ మీదికే వస్తుంది.

పాత సిస్టమ్‌ని తెప్పించాను. ఐ5-9400ఎఫ్, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650. 2019 నాటి ప్రాసెసర్, 6 కోర్లు, హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు థ్రెడ్లు నడపడం) లేదు. హెచ్‌డీ పెళ్లిళ్ల కాలంలో దీనికేమీ లోటు లేదు. కెమెరా సోనీ ఏ7-4కి మారిన తర్వాతే గొడవ మొదలైంది. ఆ కెమెరాలో ఆయన ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ ఫార్మాట్‌లో (సోనీ వాడే హెచ్.265), 4కె 50పీ, 10-బిట్ 4:2:2లో షూట్ చేస్తున్నాడు. ఈ 4:2:2 అనేది వీడియోలో రంగు సమాచారం ఎంత ఉందో చెప్పే లెక్క. తలంబ్రాల క్లిప్ ఒకటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ టైమ్‌లైన్ మీద వేసి, టాస్క్ మేనేజర్ పక్కన తెరిచి పెట్టాను. ప్రాసెసర్ 100 శాతం. గ్రాఫిక్స్ కార్డు గ్రాఫుల్లో 'వీడియో డీకోడ్' అనేది ఒకటుంది. అది సున్నా దగ్గర అడ్డగీతలా పడుకుని ఉంది. వీడియో ముక్కలు ముక్కలుగా కదులుతోంది.

అసలు విషయం ఆ అడ్డగీతలో ఉంది. హెచ్.265 వీడియోని విప్పి చూపించే పనిని మామూలుగా కోర్లు చేయవు. దాని కోసమే చేసిన ప్రత్యేక సర్క్యూట్ గ్రాఫిక్స్ చిప్‌లో ఉంటుంది. ఆ సర్క్యూట్‌కి ఫార్మాట్ తెలిస్తే పని పిల్లాటలా అయిపోతుంది, తెలియకపోతే భారమంతా కోర్ల నెత్తిన పడుతుంది. జీటీఎక్స్ 1650కి హెచ్.265 10-బిట్ 4:2:0 వచ్చు, 4:2:2 రాదు. ఇక 9400ఎఫ్‌లో చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేని చిప్ అని అర్థం. ఎఫ్ లేని 9400 ఉన్నా లాభం లేకపోయేది, ఆ తరం చిప్ లోపలి గ్రాఫిక్స్ యూహెచ్‌డీ 630 కూడా 4:2:2 చదవదు.

ఇది ఊహ కాదని తేల్చుకోడానికి ఆయన కెమెరాతోనే షాపులో రెండు క్లిప్పులు తీశాను. మెనూలో ఒకటి 4:2:2, ఒకటి 4:2:0, మిగతా సెట్టింగులన్నీ ఒకటే. 4:2:0 క్లిప్ అదే పాత డబ్బాలో నున్నగా నడిచింది. డీకోడ్ గ్రాఫ్ లేచింది, ప్రాసెసర్ చల్లబడింది. ఆయన మొహం చూడాల్సింది. 75 వేలు ఖర్చు పెట్టడానికి వచ్చిన మనిషికి కెమెరా మెనూలో ఒక లైన్ మార్చితే సగం సమస్య పోతుందని తెలిసింది. వ్యాపారం నాది కదా అని ఈ మాట దాచలేదు. ఖర్చే వద్దనుకుంటే 4:2:0లో షూట్ చేసుకో, ఇంటికి వెళ్లిపో అన్నాను.

ఆయన వద్దన్నాడు, కారణం కూడా సరైనదే. 4:2:2లో రంగు సమాచారం 4:2:0 కన్నా రెట్టింపు ఉంటుంది. ఎస్-లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకోడానికి వెలిసినట్టు తీసే సోనీ మోడ్) తీసి తర్వాత కలర్ చేసేవాళ్లకు, ఎల్‌ఈడీ లైట్ల కింద మంగళస్నానం పసుపు, ఎర్ర పట్టుచీర అంచులు లాగినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. పైగా ఆయన పార్టీలు టీజర్‌కి కలరింగ్ చూసే బుక్ చేసుకుంటున్నారు. కాబట్టి 4:2:2 ఉండాల్సిందే, సిస్టమ్ దానికి తగ్గట్టు ఉండాలి.

ఏ ప్రాసెసర్లు చూశాం

ప్రశ్న ఇప్పుడు మారిపోయింది. 'ఎన్ని గిగాహెర్ట్జ్' అన్నది పక్కకు పోయి, '4:2:2 చదివే సర్క్యూట్ ఏ చిప్‌లో ఉంది, అందులో తక్కువ రేటు ఏది' అన్నది మిగిలింది.

మామూలు లెక్కలో ఆ టైమ్‌కి డబ్బుకు తగ్గ ప్రాసెసర్లు అంటే రైజెన్ 5 5600, రైజెన్ 5 7600, ఐ5-12400ఎఫ్. గేమింగ్ సిస్టమ్ అయితే నేను కళ్లు మూసుకుని ఈ మూడింటిలో ఒకటి చెప్పేవాణ్ని. 5600లో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, డబ్బాలోనే కూలర్. ఏఎం4 సాకెట్ బోర్డులు చవక, డీడీఆర్4 ర్యామ్ చవక. 7600 అదే కుటుంబంలో కొత్త తరం. డీడీఆర్5 తప్పనిసరి కాబట్టి బిల్లు పెరుగుతుంది, కానీ ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ అప్పుడే ప్రకటించింది కాబట్టి బోర్డు అలాగే ఉంచి రేపు చిప్ మార్చుకోవచ్చు. కానీ ఈ కేసులో రెండూ పోయాయి. 5600లో గ్రాఫిక్స్ లేదు. 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉన్నా దానికి 4:2:2 రాదు. 12400ఎఫ్‌కి మళ్లీ అదే ఎఫ్ రోగం.

ఈ ఎఫ్ విషయంలో మా మార్కెట్ మీద నాకొక కంప్లైంట్ ఉంది. 'ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా సార్, ఎఫ్ తీసుకోండి, రెండు మూడు వేలు మిగులుతాయి' అని అందరికీ ఒకే మాట చెప్పేస్తారు. గేమర్‌కి అది మంచి సలహా. మిక్సింగ్ చేసేవాడికి మాత్రం ఆ రెండు మూడు వేలతో క్విక్ సింక్, అంటే ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉండే వీడియో సర్క్యూట్, మొత్తం పోతుంది. తెలుగు ఊళ్లలో పెళ్లి స్టూడియోలు ఎక్కువగా వాడే ఎడియస్ కూడా చాలాకాలంగా క్విక్ సింక్‌ని నమ్ముకున్న సాఫ్ట్‌వేరే. అలాంటివాళ్లకు కూడా ఎఫ్ చిప్పులు అంటగడుతున్నారు.

ఎవరో ఆయనకు ఎక్స్99 చైనా బోర్డు, పాత జియాన్ ఈ5-2680 వీ4 కూడా చెప్పారట. 14 కోర్లు, చాలా చవక. 2016 నాటి సర్వర్ చిప్, లోపల గ్రాఫిక్స్ లేదు, క్విక్ సింక్ లేదు. దాని గురించి ఇంతకన్నా మాట్లాడుకోలేదు.

మిగిలినవి ఇంటెల్ 12, 13 తరాల్లో గ్రాఫిక్స్ ఉన్న ఐ5లు. ఇక్కడ రేటు కార్డులో కనిపించని తేడా ఒకటుంది. 12400, 13400లలో ఉన్నది యూహెచ్‌డీ 730. అందులో వీడియో ఇంజిన్ ఒక్కటే. 12500, 13500, వాటి పైవాటిలో యూహెచ్‌డీ 770, అందులో వీడియో ఇంజిన్లు రెండు. రెండు మూడు కెమెరాల క్లిప్పులు ఒకేసారి టైమ్‌లైన్ మీద నడిపే మల్టీకామ్ పనిలో ఈ రెండో ఇంజిన్ అక్కరకొస్తుంది. ముహూర్తం సీన్‌కి ఆయన రెండు కెమెరాలు పెడతాడు.

కాగితం మీద 13500 అన్నింటికన్నా నచ్చింది. 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు, యూహెచ్‌డీ 770, బేస్ పవర్ 65 వాట్లే. ఆ వారం మార్కెట్‌లో దొరకలేదు. దొరికింది 12600కె. 6 పెద్ద, 4 చిన్న కోర్లు, 16 థ్రెడ్లు, అదే యూహెచ్‌డీ 770. మాకు దాదాపు 18 వేలకు పడింది. పాత తరం కావడంతో రేటు దిగి, 13400కి దగ్గరగా వచ్చింది. ఆయన అడిగిన 13600కె 26 వేల దగ్గర ఉంది.

13600కెని వద్దనడానికి ఇంకో కారణం సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. 13, 14 తరాల్లో పెద్ద చిప్పులు కొన్ని నెలలు వాడాక క్రాష్ అవుతున్నాయన్న ఫిర్యాదులు ఆ ఏడాది మొదటి నుంచీ ఉన్నాయి. జులై 22న ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) లోపం వల్ల చిప్ అవసరానికి మించి వోల్టేజ్ అడుగుతోంది, ఆగస్టు మధ్యలో ప్యాచ్ ఇస్తామంది. తర్వాత ప్యాచులు వచ్చాయి, వారంటీ కూడా రెండేళ్లు పెంచారు. 13600కె ఆ లిస్టులో ఉంది, 12వ తరం లేదు. ఎక్కువ వోల్టేజ్ వల్లే చిప్పులు పాడవుతున్నాయని కంపెనీ చెబుతున్న వారంలో, అదే చిప్‌కి మన చేత్తో ఇంకాస్త వోల్టేజ్ పెంచి ఇవ్వమంటే నేను ఇవ్వను.

ఓవర్‌క్లాక్ సంగతి

చిప్ 12600కె అని ఒప్పుకున్నాక కూడా ఆయన మనసు ఓవర్‌క్లాక్ మీదే ఉంది. "కె ఉన్నదే దాని కోసం కదన్నా" అన్నాడు. మాటలతో వాదించకుండా షాపులో ఉన్న జెడ్690 బోర్డు మీద అదే చిప్ పెట్టి చూపించాను.

ముందు లెక్క. చిప్ తినే కరెంటు, వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజ్ పెరిగితే మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది. పెద్ద కోర్లన్నీ 4.5 నుంచి 4.9 గిగాహెర్ట్జ్‌కి తీసుకెళ్తే వేగం 9 శాతం పెరిగింది. దానికి వోల్టేజ్ 1.2 నుంచి 1.32కి పెంచాల్సి వచ్చిందనుకోండి, అది 10 శాతం. వర్గం చేస్తే 21 శాతం. వేగం కూడా కలిపితే కరెంటు, వేడి 32 శాతం దాకా పెరుగుతాయి. 9 శాతం కోసం 32 శాతం. ప్రతి చిప్‌కీ అంకెలు అటూ ఇటూ అవుతాయి కానీ బేరం మాత్రం ఇలాగే ఉంటుంది.

తర్వాత టెస్ట్. సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ (వీడియోని కోర్లే మళ్లీ ఫైలుగా కట్టడం) పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఓవర్‌క్లాక్ లాభం గడియారంలో కనిపించింది, కాదనను. అదే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ పెట్టగానే తేడా దాదాపు మాయమైంది. ఎందుకంటే 4:2:2 విప్పే పని యూహెచ్‌డీ 770లోని వీడియో ఇంజిన్ది, తిరిగి హెచ్.264గా మార్చే పని గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్‌ది. కోర్ల వేగం పెంచితే ఈ రెండింటికీ ఏమీ కాదు. ఆయన రోజూ చేసేది ఈ రెండో రకం ఎక్స్‌పోర్టే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఏకి బస్ (చిప్ వేగానికి ఆధారమైన మూల వేగం) 66 నుంచి 100కి మార్చితే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 దగ్గర నడిచేది. అంటే సగం వేగం ఊరికే వచ్చినట్టు. 2011లో ఐ5-2500కె 3.3 నుంచి 4.5 దాకా చాలామందికి లేచింది. అప్పట్లో కంపెనీలు చిప్‌లో చాలా మిగులు వదిలేసేవి. ఇప్పుడు టర్బో బూస్ట్ పేరుతో ఆ మిగులంతా ఫ్యాక్టరీలోనే పిండేస్తున్నారు. డబ్బా మీద 4.9 అని రాశారంటే ఓవర్‌క్లాక్ సగం వాళ్లే చేసి అమ్ముతున్నారన్నమాట. ఓవర్‌క్లాకింగ్ తమాషా తెలిసినవాణ్ని కాబట్టే చెబుతున్నాను, అది సరదాకి చేసే పని. సరదాకి చేసుకుంటే నేనే సాయం పడతాను.

రూపాయల్లో చూస్తే, ఇంటెల్‌లో ఓవర్‌క్లాక్ కావాలంటే చిప్ కె కావాలి, బోర్డు జెడ్ కావాలి. బి660, బి760 బోర్డుల్లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు, ప్రాసెసర్ మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచలేం. ఏఎండీలో ఈ బాధ తక్కువ. బి450, బి550, బి650 అన్నీ ఓవర్‌క్లాక్‌కి ఒప్పుకుంటాయి, ఏ520, ఏ620 ఒప్పుకోవు. ఈ కేసులో జెడ్ బోర్డుకు బి బోర్డు కన్నా 8 నుంచి 10 వేలు ఎక్కువ. లిక్విడ్ కూలర్‌కి మంచి ఎయిర్ కూలర్ కన్నా 5 వేలు ఎక్కువ. పవర్ సప్లై పెద్దది. మొత్తం 15 వేలు దాటుతుంది. ఆయన అడిగిన లిస్టు ప్రకారం బిల్లు వేస్తే 75 వేలూ అయిపోయి, వేగమైన డిస్క్, అంటే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి పైసా మిగల్లేదు. 4కె ఫుటేజ్‌ని పాత హార్డ్‌డిస్క్ మీద నుంచి మిక్సింగ్ చేయాల్సి వచ్చేది.

ఎండాకాలం ఇంకో లెక్క. మే నెలలో ఓరుగల్లులో బయట 42, 44 డిగ్రీలు మామూలే. ఏసీ ఆగిన గదిలో 38 ఉంటుంది. సీటీసీలో ఏసీ కింద 25 డిగ్రీల్లో స్థిరంగా నడిచిన ఓవర్‌క్లాక్‌కి అక్కడ ఇంకో 13 డిగ్రీలు కలుపుకోవాలి, ఎందుకంటే గది వేడెక్కినంతా చిప్ కూడా వేడెక్కుతుంది. 12600కె 100 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. డబ్బులు పెట్టి పెంచిన 9 శాతం మే నెలలో ఉండదు. కరెంటు పోతే యూపీఎస్ కథ వేరే. ఆయన దగ్గరున్నది 600 వీఏ, దాదాపు 360 వాట్లు. ప్రాసెసర్ 150, గ్రాఫిక్స్ కార్డు 75, మానిటర్, డిస్కులు కలిపితే మామూలు సెట్టింగుల్లోనే నిండిపోయేలా ఉంది. ఓవర్‌క్లాక్ చేసిన సిస్టమ్ ఎక్స్‌పోర్ట్ మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ కుయ్‌మని ఆగిపోతుంది.

వారంటీ సంగతి ఒక్క మాట. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఇంటెల్ వారంటీ వర్తించదు. ఒకప్పుడు విడిగా డబ్బు కట్టించుకుని దానికీ ఒక ప్లాన్ అమ్మేవారు, 2021లో అది ఆపేశారు.

ఇచ్చిన సిస్టమ్

12600కె, డీడీఆర్4 ఉన్న బి760 బోర్డు, 2 వేల లోపు సింగిల్ టవర్ ఎయిర్ కూలర్, 32 జీబీ డీడీఆర్4 3200, 2 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్ల పవర్ సప్లై, గాలి బాగా ఆడే క్యాబినెట్. బిల్లు 57 వేల దగ్గర ఆగింది. జీటీఎక్స్ 1650 అలాగే ఉంచాం. దాని 4 జీబీ మెమరీ 4కె కలరింగ్‌కి చాలదని, మిగిలిన 18 వేలు కదిలించకుండా ఉంచుకుని కార్డుకి వాడమని చెప్పాను.

కె చిప్‌ని బి బోర్డు మీద వేయడం చూసి పక్క షాపతను నవ్వాడు. నవ్వాల్సిందేమీ లేదు. మేం కొన్నది యూహెచ్‌డీ 770ని, 10 కోర్లని. మల్టిప్లయర్ లాక్ తీసి ఉండటం వాటితో పాటు వచ్చింది, వాడుకోలేదు, అంతే.

బిగించాక బయోస్‌లో (బోర్డు సెట్టింగుల స్క్రీన్‌లో) రెండు పనులు ఉంటాయి, రెండూ చాలామంది చేయరు. మొదటిది, గ్రాఫిక్స్ కార్డు పెట్టగానే చాలా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేస్తాయి. 'ఐజీపీయూ మల్టీ మానిటర్' లేదా 'ఐజీడీ మల్టీ మానిటర్' అనే ఆప్షన్ వెతికి ఆన్ చేయాలి. తర్వాత విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ విడిగా ఎక్కించాలి. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉండొచ్చు. ప్రీమియర్‌లో ప్రిఫరెన్సెస్, మీడియాలోకి వెళ్లి హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్ బాక్స్ టిక్ చేసి, సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరవాలి. ఈ ఒక్క ఆప్షన్ ఆఫ్‌లో ఉండటం వల్ల '12600కె కొన్నా స్టక్ అవుతోంది' అని వచ్చే సిస్టమ్‌లు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి.

రెండోది పవర్ లిమిట్. కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేయగానే కూలర్ ఏదని అడుగుతాయి. 'టవర్' అంటే 288 వాట్లు, 'వాటర్' అంటే 4096 వాట్లు పెట్టేస్తాయి. అంటే హద్దే లేనట్టు. ఈ చిప్‌కి ఇంటెల్ చెప్పింది బేస్ 125, గరిష్ఠం 150. నేను 125 దగ్గర కట్టేశాను. హార్డ్‌వేర్ ఎక్స్‌పోర్ట్‌లో దాని ప్రభావం కనిపించలేదు, ఫ్యాన్ చప్పుడు మాత్రం తగ్గింది.

మొదట చూసిన తలంబ్రాల క్లిప్‌నే మళ్లీ వేశాం. ఈసారి టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ కింద డీకోడ్ గ్రాఫ్ లేచింది, ప్రాసెసర్ 20, 30 శాతం మధ్య ఆడుతోంది. రెండు కెమెరాల మల్టీకామ్ ఆగకుండా నడిచింది. ఎఫెక్టులు, నాయిస్ రిడక్షన్ వేసినప్పుడు మాత్రం నెమ్మదించింది, అది కార్డు పని. ఇంకో చిక్కు కూడా ఉంది, ఆయనకు ముందే చెప్పాను. అదే కెమెరాలో ఎక్స్‌ఏవీసీ ఎస్ ఫార్మాట్‌లో తీసే 10-బిట్ 4:2:2 హెచ్.264. దాన్ని ఈ క్విక్ సింక్ కూడా చదవదు. సెకండ్ కెమెరామన్ పాత అలవాటుతో ఎక్స్‌ఏవీసీ ఎస్‌లో 25పీ తీసుకొస్తే మళ్లీ భారం కోర్ల మీదే పడుతుంది. రెండు కెమెరాలూ ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్‌లోనే ఉండాలని, పెళ్లికి బయల్దేరే ముందు మెనూ చూసుకోమని చెప్పి పంపాను.

ఆ అక్టోబరులో ఇంటెల్ డెస్క్‌టాప్ సాకెట్‌ని ఎల్‌జీఏ 1851కి మార్చింది, కాబట్టి ఈ బోర్డు మీద ఎక్కించుకోగలిగేవి 12, 13, 14 తరాల చిప్పులే. ఇది ఈ ఎంపికలో నిజమైన లోటు. ఇదే కేసు ఇప్పుడొస్తే దారి మారుతుంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులు 4:2:2ని, హెచ్.264లో కూడా, తామే చదువుతాయి. కార్డు ఎలాగూ మార్చేవాళ్లయితే ఆర్‌టీఎక్స్ 5060 పెట్టుకుని, ప్రాసెసర్‌కి ఏఎం5 బోర్డు మీద రైజెన్ 5 7600 వేసుకోవచ్చు. అప్పుడు ఎఫ్ ఉన్న ఇంటెల్ చిప్ కొన్నా ప్రీమియర్‌కి ఇబ్బంది లేదు. ఎడియస్ వాడేవాళ్లు మాత్రం తమ వెర్షన్ ఆ కార్డుని డీకోడింగ్‌కి వాడుకుంటుందో లేదో చూసుకున్నాకే ఎఫ్ జోలికి వెళ్లాలి.